సైనస్‌కి మూలికా వైద్యం: నిజంగా పనిచేసేది ఏది, హాయినిచ్చి ఊరుకునేది ఏది?

కిటికీపక్కసీటు
అందరికీ నమస్కారం. చాలాకాలంగా సైనస్‌తో వేగుతున్నాను. పొద్దున లేవగానే ముక్కు బిగేసి ఉంటుంది. కిందకి వంగితే కళ్ల కింద, బుగ్గ ఎముకల దగ్గర బరువుగా లాగుతుంది. ముక్కులోంచి వచ్చేది తక్కువే, గొంతులోకి కారేదే ఎక్కువ. వాసనలు కూడా సరిగ్గా తెలియడం లేదు. నీలగిరి తైలం వేసి ఆవిరి పడుతున్నాను, తులసి, మిరియాల కషాయం తాగుతున్నాను. రాత్రి ముక్కులో చుక్కలు వేసుకుంటే గానీ నిద్ర పట్టదు.

నాకు కావలసింది మూలికల గురించి అనుభవం ఉన్నవాళ్ల మాట. ఏది వాడారు, ఎలా వాడారు, ఏమైంది? "డాక్టర్‌కి చూపించుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. చూపించుకుంటాను. ఈలోపు ఏం చేయొచ్చో చెప్పండి.

ఆకుపసరు
మీకోసమే ఉంది అసలైన మందు. ముద్ద కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు ఈ మూడూ సమానంగా తీసుకుని పొడిగా ఉన్న గాజుసీసాలో వేసి మూత బిగించండి. నీళ్లు పోయక్కర్లేదు, వేడి చేయక్కర్లేదు. కాసేపటికి గట్టి పలుకులన్నీ వాటంతటవే కరిగి నూనెలా అయిపోతాయి. మొదటిసారి చూసినవాళ్లు నోరెళ్లబెడతారు. ఒక్క చుక్క రుమాలు మీద వేసుకుని వాసన పీలిస్తే చాలు, ముక్కు తెరుచుకుంటుంది. ఆవిరి నీళ్లలో అయితే రెండు చుక్కలు.

మందుల షాపు చుక్కల జోలికి పోకండి. మా ఇంట్లో తరతరాలుగా ఇదే.

రెండోషిఫ్టు
ఆకుపసరు గారూ, మూడు పలుకులు కలిస్తే ద్రవమవడం నిజమే. విడివిడిగా గది వేడికి గట్టిగా ఉండేవి, కలిస్తే వాటి కరిగే స్థానం పడిపోతుంది. ఫార్మసీ చదివేటప్పుడు మాతో కూడా చేయించారు.

కానీ "ముక్కు తెరుచుకుంటుంది" అన్నచోట ఒక మెలిక ఉంది. పుదీనా పువ్వు అంటే మెంథాల్. ముక్కు లోపల చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి, వాటి పేరు టీఆర్‌పీఎం8. చల్లగాలి తగిలితే అవి మెదడుకి కబురు పంపుతాయి. మెంథాల్ తగిలినా అదే కబురు వెళ్తుంది. మెదడు "గాలి బాగా ఆడుతోంది" అనుకుంటుంది. 1980లలో రాన్ ఎకిల్స్ బృందం మెంథాల్ పీల్చిన వాళ్ల ముక్కులో గాలికి ఎంత అడ్డు ఉందో కొలిచి చూసింది. అడ్డు తగ్గలేదు, కానీ ఊపిరి తేలిగ్గా ఆడుతోందని మాత్రం వాళ్లు చెప్పారు.

అంటే వాపు ఎక్కడిదక్కడే. అలాగని పనికిరాదని అనను. ముక్కు బిగేసి రాత్రంతా దొర్లేవాడికి ఆ భావన కలిగినా నిద్ర పడుతుంది. కాకపోతే "నయమవుతోంది" అనుకుని నెలల తరబడి దాని మీదే ఉండిపోతే అసలు జబ్బు అక్కడే కూర్చుంటుంది.

ఇంకోటి, ఆ సీసా పిల్లలకి అందకూడదు. కర్పూరం మింగితే పిల్లలకి కొద్ది మోతాదుకే మూర్ఛ వస్తుంది, అదీ నిమిషాల్లో. నీలగిరి తైలం కూడా అంతే, లోపలికి వెళ్తే విషమే.

ఆకుపసరు
భావనే అయితే ఏంటండీ? తలనొప్పి మాత్ర వేసుకున్నా నొప్పి తెలియకుండా పోవడమే కదా! ఆవిరి సంగతి కూడా భావనే అంటారా? ఆవిరి పట్టాక కఫం బయటికి రావడం కళ్లారా చూస్తున్నాం.

లెక్కలమాస్టారు
ఆవిరి మీద పెద్ద పరీక్షే జరిగింది. 2016లో కెనడా వైద్య పత్రిక సీఎంఏజేలో వచ్చింది. ఇంగ్లండ్‌లో కుటుంబ వైద్యుల దగ్గరికి వచ్చే, సైనస్ మళ్లీ మళ్లీ తిరగబెట్టే 871 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యం, ఒకదానికి రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడగడం, ఒకదానికి రోజూ ఆవిరి, చివరిదానికి రెండూ. మూడు నెలలకీ, ఆరు నెలలకీ చూస్తే ఉప్పునీళ్ల వాళ్లకి లక్షణాలు తగ్గాయి. ఆ తగ్గుదల మరీ పెద్దదేం కాదు, కానీ స్పష్టంగా ఉంది. ఆవిరి వాళ్లకి తలనొప్పి మటుకు తగ్గింది, మిగతా వాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాబట్టి ఆకుపసరు గారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. తల దిమ్ము తగ్గడం కూడా ఒక లాభమే. కాకపోతే గిన్నెడు మరిగే నీళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చోవడంలో ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. ముఖ్యంగా పిల్లలు గిన్నె లాగేసి ఒళ్లు కాల్చుకుంటుంటారు. పెద్దవాళ్లయినా పొయ్యి దించిన గిన్నెని కాసేపు ఆరనిచ్చి, కదలని బల్ల మీద పెట్టుకుని పట్టాలి.

పిల్లికూత
ఉప్పునీళ్లు మూలిక కాదు కదా మాస్టారూ. చర్చ శీర్షిక మార్చాలేమో.

నేతిచెంబు
మూలిక కాదు గానీ సంప్రదాయమే. ఇలా ముక్కు కడగడాన్ని నేతి అంటారు, హఠయోగంలో చెప్పే ఆరు శుద్ధి క్రియల్లో ఒకటి. ఈ చర్చలో ఎవరో ఒకరు పద్ధతి రాయాలి కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా ముక్కులో పోయకండి. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు ఇలాగే కుళాయి నీళ్లతో నేతి చేసి చనిపోయారు. నెగ్లేరియా ఫౌలరీ అనే అమీబా ముక్కులోంచి మెదడుకి ఎక్కింది. అదే నీళ్లు తాగితే ఏమీ కాదు, కడుపులో అది బతకదు. ముక్కు పైభాగం నుంచి మాత్రం మెదడుకి దారి చాలా దగ్గర. చాలా అరుదైన జబ్బే, కానీ వస్తే బతికేవాళ్లు వేళ్ల మీద లెక్క. కాబట్టి నీళ్లు తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి.

ఉప్పు: పావు లీటరుకి రెండు గ్రాముల పైచిలుకు, అంటే టీ చెంచాలో సగానికి కాస్త తక్కువ. అయోడిన్ కలపని ఉప్పయితే మంచిది. చిటికెడు తినేసోడా వేస్తే మంట ఉండదు. ఉప్పు తగ్గినా, మరీ ఎక్కువైనా ముక్కు భగ్గుమంటుంది. ఆ మంటకి భయపడి మొదటి రోజే మానేసేవాళ్లే ఎక్కువ. తేడా ఉప్పులో ఉందని వాళ్లకి తెలియదు.

వాష్ బేసిన్ మీదకి వంగి, తల పక్కకి తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీస్తూ పై ముక్కుపుటంలో పోయాలి. కింది పుటంలోంచి ధార వస్తుంది. నోరు మూశారా, గొంతులోకి పోతుంది. అయ్యాక ముందుకి వంగి తల అటూ ఇటూ తిప్పండి, దాక్కున్న నీళ్లు కారిపోతాయి. గట్టిగా చీదకండి, నీళ్లు చెవిలోకి తన్నుకుపోతాయి. చెంబు కడిగి బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి.

ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉన్నప్పుడు, చెవి పోటు ఉన్నప్పుడు బలవంతంగా చేయొద్దు.

మూలికాచూర్ణం
ఆయుర్వేదం చదివి వైద్యం చేస్తున్నాను. ఇక్కడ అందరూ ముక్కు పైపైనే తిరుగుతున్నారు, అసలు మూలికల దాకా ఎవరూ రాలేదు. నాలుగు మాటలు నేనూ చెప్తాను.

పడిశాన్ని ప్రతిశ్యాయం అంటాం. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో 24వ అధ్యాయం మొత్తం దానికే కేటాయించారు. అది ముదిరి, ముక్కు ఒకసారి బిగేసి ఒకసారి కారుతూ, వాసన పట్టకుండా తయారైతే దుష్ట ప్రతిశ్యాయం అంటాం. కిటికీపక్కసీటు గారి వర్ణన దానికి దగ్గరగా ఉంది. కొత్త పడిశానికీ, ముదిరిన దానికీ మందు ఒకటి కాదు.

మూలికల్లో నేను ముందు చెప్పేది అడ్డసరం. తెమడ చిక్కగా పట్టేసి దగ్గినా రానివాళ్లకి దీనికి సాటి లేదు. ఆకు పచ్చిగా నూరితే రసం సరిగ్గా రాదు. ఆకు మందంగా, పీచుగా ఉంటుంది, ఎంత దంచినా ముద్దవుతుందే గానీ చుక్క రాలదు. అందుకే ఆకుల్ని ఆవిరి మీద ఉడకబెట్టి, మెత్తబడ్డాక దంచి గుడ్డలో వేసి పిండుతారు. చేదు నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది, తేనె అందుకే. ఇందులో ఉండే వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది, దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. మీరు దగ్గు సిరప్ సీసాల మీద చదివే పేర్లే ఇవి. గర్భిణులు మాత్రం అడ్డసరం ముట్టకూడదు, గర్భాశయం సంకోచించే గుణం ఉంది.

సితోపలాది చూర్ణం చాలామంది వాడతారు. దాని లెక్క చూడండి: పటికబెల్లం 16 పాళ్లు, వంశలోచనం (వెదురు ఉప్పు) 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. మొత్తం 31 పాళ్లలో 16 పంచదారే. షుగర్ ఉన్నవాళ్లు "ఆయుర్వేదమే కదా" అని చెంచాల కొద్దీ తింటుంటే నాకు గుండె గుభేలుమంటుంది.

త్రికటు అంటే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు. కఫం తత్వం వాళ్లకి మంచిదే, కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లకి వద్దు. పొడిదగ్గుకి త్రికటు ఇస్తే గొంతు ఇంకా ఎండుతుంది. అక్కడ అతిమధురం కావాలి. దగ్గు ఏ రకమో చూడకుండా అన్నీ కలిపి కషాయం కాచేస్తారు, అదే నా బాధ.

నస్యం, అంటే ముక్కులో మందు నూనె చుక్కలు వేయడం గురించి అడుగుతారని తెలుసు. అణుతైలం చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో ఉంది, మంచి మందే. కొత్త జలుబులో, జ్వరంలో, తిన్న వెంటనే వేయకూడదు. ఎవరైనా చూసి చెప్పాకే మొదలుపెట్టాలి.

రెండోషిఫ్టు
చాలా బాగా చెప్పారు. మందుల షాపు వైపు నుంచి కొంచెం కలుపుతాను.

అతిమధురంలో గ్లిసిరైజిన్ ఉంటుంది. రోజూ ఎక్కువగా తీసుకుంటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ మందులు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు జాగ్రత్త. మిరియాలు, పిప్పళ్లలోని పైపరిన్ కొన్ని మందుల్ని రక్తంలో ఎక్కువ చేస్తుంది. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ అందులో ఒకటి. దాని మోతాదు కాస్త మించినా గుండె దడ, వాంతులు వస్తాయి. వంటలో వేసుకునే మిరియాలకి భయపడక్కర్లేదు, చూర్ణం మోతాదుల సంగతే నేను చెప్తున్నది.

నస్యానికి ఇంకో మాట. ముక్కులో నూనె నెలల తరబడి వేసుకుంటూ అది ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకం న్యుమోనియా వస్తుంది. పడుకుని వేసుకునే పెద్దవాళ్లలో, మింగడం సరిగ్గా లేనివాళ్లలో ఎక్కువ.

భస్మాలు (లోహాల్ని కాల్చి చేసే పొడులు) కలిపిన మందులు తెలియని చోట కొనకండి. 2004లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశీలనలో, అమెరికాలోని బోస్టన్ పరిసరాల షాపుల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికాయి.

ఇక కిటికీపక్కసీటు గారూ, మొదటి పోస్టు మళ్లీ చదివాను. "రాత్రి ముక్కులో చుక్కలు వేసుకుంటే గానీ నిద్ర పట్టదు" అన్నారు. అవి ఏ చుక్కలు? సీసా మీద మందు పేరు చూసి చెప్పండి. ఎన్నాళ్లుగా?

మూలికాచూర్ణం
అతిమధురం మోతాదు మాట నిజమే. నేను కూడా బీపీ అడగకుండా ఇవ్వను. 70 మందుల లెక్క మాత్రం నాకు నచ్చదు. పాదరసం, లోహాలు వాడి చేసే రసౌషధాలనీ మామూలు చూర్ణాలనీ ఒకే గాటన కట్టి జనం భయపడుతున్నారు.

కిటికీపక్కసీటు
సీసా మీద ఆక్సీమెటాజోలిన్ అని ఉంది. రోజూ వాడుతున్నాను, నెలలు దాటింది. ఈ మధ్య పగలు కూడా ఒకసారి వేసుకోవాల్సి వస్తోంది. ఇంతకుముందు రాత్రికి ఒక్కసారి సరిపోయేది.

రెండోషిఫ్టు
అనుకున్నాను. మీ ముక్కు దిబ్బడలో కొంత భాగం ఆ చుక్కలు తెచ్చిందే.

ఈ మందు ముక్కు పొరలోని రక్తనాళాల్ని బిగిస్తుంది, వాపు చప్పున దిగుతుంది. మందు ప్రభావం తగ్గగానే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్క వేస్తే మళ్లీ దిగుతుంది. క్రమంగా పొర దానికి అలవాటుపడి, చుక్క లేకపోతే తెరుచుకోనని మొండికేస్తుంది. అందుకే దీన్ని మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడొద్దంటారు. మీకు రాత్రికి ఒకసారి సరిపోయేది ఇప్పుడు పగలూ కావాలంటున్నారు చూడండి, ఇదే దాని గుర్తు. ఈ స్థితిలో ఎంత తులసి తాగినా, ఎంత ఆవిరి పట్టినా రోజూ రాత్రి మీరే ముక్కుని మళ్లీ మూసేస్తున్నట్టు.

మానడానికి చాలామంది చేసేది ఏమిటంటే, ముందు ఒక ముక్కుపుటంలో పూర్తిగా ఆపేసి, రెండోదానిలో కొనసాగించడం. ఆపిన వైపు తెరుచుకున్నాక రెండోది ఆపడం. కనీసం ఒక ముక్కుతో ఊపిరి ఆడుతుంది కాబట్టి రాత్రుళ్లు భరించొచ్చు. దాంతోపాటు ఈఎన్‌టీ డాక్టర్లు స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. అది చుక్కల్లాంటిది కాదు, నిదానంగా వాపు తగ్గిస్తుంది, ఇలా అలవాటు చేయదు.

ఆకుపసరు
నేను మొదట్లోనే అన్నాను, షాపు చుక్కల జోలికి పోవద్దని! అయితే ఇప్పుడు ఆ రాత్రుళ్లు గడవడానికి మెంథాల్ పనికొస్తుందా రాదా?

రెండోషిఫ్టు
అక్కడ పనికొస్తుంది, నిజంగా. వాపు తగ్గించదు, కానీ చుక్కల కోసం చెయ్యి చాచకుండా ఆపుతుంది. రుమాలు మీద ఒక చుక్క, అంతే. ముక్కు లోపల పూయకండి.

పిల్లికూత
నాకు ఉబ్బసం ఉంది, పేరు చూస్తే మీకే తెలుస్తుంది. మూలికలంటే సరదా, అందుకే చర్చ మొత్తం చదివాను. ఒక సందేహం. ఉమ్మెత్త ఆకు ఎండబెట్టి పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

మూలికాచూర్ణం
తగ్గుతుందన్నది నిజమే, పీల్చకూడదన్నదీ నిజమే. ఉమ్మెత్తలో అట్రోపిన్ కుటుంబపు పదార్థాలు ఉంటాయి, అవి ఊపిరి గొట్టాల్ని సడలిస్తాయి. 19వ శతాబ్దంలో యూరప్‌లో ఉమ్మెత్త జాతి ఆకులు చుట్టిన సిగరెట్లు ఉబ్బసానికని అమ్మారు కూడా. కానీ ఒక్కో మొక్కలో ఒక్కో ఆకులో విషం పాలు వేరు. మోతాదు దాటితే మతి చలించడం, చూపు మసకబారడం, గుండె దడ, ప్రాణం పోవడం దాకా వెళ్తుంది. పైగా పొగ ఉబ్బసానికి శత్రువు.

మీరు వాడే ఇన్‌హేలర్లలో ఇప్రాట్రోపియం అని ఉంటే, అది అట్రోపిన్‌ని మార్చి చేసినదే. ఊపిరి గొట్టాల్లో పనిచేస్తుంది, రక్తంలోకి పెద్దగా వెళ్లదు. ఆకులోంచి కావలసినదాన్ని తీసి, వద్దనుకున్నదాన్ని వదిలేసిన రూపం మీ చేతిలోనే ఉండగా ఆకు కాల్చడమెందుకు?

ఏ మూలిక మొదలుపెట్టినా మీ రోజువారీ ఇన్‌హేలర్ ఆపకండి. ఈ మాట మాత్రం గట్టిగా చెప్తాను.

లెక్కలమాస్టారు
సైనస్‌కి మూలికల మీద ఆధారాలే లేవని ఎవరూ అనుకోకండి. యూరప్ నిపుణులు 2020లో విడుదల చేసిన సైనస్ మార్గదర్శకాల్లో, వైరస్ జలుబు తర్వాత లాగుతూ ఉండే సైనస్‌కి కొన్ని మూలికా మందులు లక్షణాలు తగ్గిస్తున్నాయని రాశారు. బీఎన్‌ఓ 1016 అని ఐదు మొక్కల సారం కలిపిన మాత్ర, పెలార్గోనియం అనే మొక్క వేరుతో చేసిన చుక్కలు, నీలగిరి లాంటి తైలాలు నింపిన క్యాప్సూల్ వాటిలో ఉన్నాయి. ఆ తైలం క్యాప్సూళ్లు పేగులోకి వెళ్లాక కరిగేలా కొలిచి చేసినవి. ఇది చదివి ఎవరూ సీసాలోంచి నీలగిరి తైలం తాగకండి!

ఇవన్నీ కొత్తగా వచ్చిన సైనస్ సంగతి. మూడు నెలలు దాటినదానికి ఆ మార్గదర్శకాల్లో ముందు వరస ఉప్పునీళ్లు, స్టెరాయిడ్ స్ప్రేలే. చీమిడి పచ్చగా ఉంటే యాంటీబయాటిక్ కావాలనుకోవడం కూడా తప్పు. రంగుని బట్టి బాక్టీరియా ఉందో లేదో చెప్పలేం.

పాలబుగ్గ
ఆలస్యంగా వచ్చాను. మా పాపకి ఏడాది నిండలేదు. జలుబుతో ఊపిరి గురగురమంటోంది, పాలు తాగలేకపోతోంది. కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయొచ్చా? తేనెలో తులసి రసం?

రెండోషిఫ్టు
రెండూ వద్దండీ. కర్పూరం, మెంథాల్ ఉన్నవేవీ రెండేళ్ల లోపు పిల్లలకి రాయకూడదు, ముక్కు దగ్గర అసలు పెట్టకూడదు. తేనె ఏడాది నిండేదాకా ఇవ్వకూడదు, బొట్యులిజం అనే, బాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఏడాది దాటాక దగ్గుకి తేనె మంచిదే.

ఇప్పుడు చేయగలిగింది సెలైన్ (ఉప్పునీళ్ల) చుక్కలు. షాపులో సీసాలుగా దొరుకుతాయి. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసి, కాసేపు ఆగి, ముక్కు తీసే బల్బుతో మెల్లగా లాగండి.

కానీ పాలు తాగలేకపోతోందన్నారు కాబట్టి ఈ రోజే చూపించండి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా అవుతున్నా క్షణం ఆగొద్దు, అత్యవసర విభాగానికే వెళ్లండి.

పాలబుగ్గ
బయల్దేరుతున్నాం. థాంక్సండీ.

కిటికీపక్కసీటు
అందరికీ ధన్యవాదాలు. ఎడమవైపు చుక్కలు ఆపేశాను. మొదటి రాత్రుళ్లు నరకం, ఆకుపసరు గారి రుమాలే గట్టెక్కించింది. ఉప్పునీళ్లు రోజూ చేస్తున్నాను. మొదటిసారి ఉప్పు తక్కువై మండింది, నేతిచెంబు గారు రాసిన కొలత పెట్టాక మంట లేదు. ఎడమవైపు ఇప్పుడు దానంతటదే ఆడుతోంది. ఈఎన్‌టీ డాక్టర్ చూసి ముక్కు దూలం కుడివైపుకి వంకరగా ఉందన్నారు, పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలు) లేవన్నారు, స్ప్రే రాశారు. కుడివైపు చుక్కలు కూడా ఆపడం మొదలుపెట్టమన్నారు.

రెండు ప్రశ్నలు. స్ప్రే ఉప్పునీళ్లకి ముందా తర్వాతా? తులసి, మిరియాల కషాయం కొనసాగించొచ్చా?

నేతిచెంబు
ముందు కడుక్కోండి, నీళ్లు పూర్తిగా కారిపోయాక స్ప్రే. వెనకాముందూ చేస్తే మందంతా బేసిన్‌లోకి పోతుంది. స్ప్రే మొన ముక్కు మధ్యగోడ వైపు కాకుండా అదే వైపు కన్ను దిశగా పెట్టండి. గోడకి కొడితే ముక్కులోంచి రక్తం పడుతుంది.

మూలికాచూర్ణం
కడుపులో మంట లేకపోతే కషాయం తాగండి, మిరియాలు తగ్గించి. రక్తం పలచబడే మందులు ఏవైనా వాడుతుంటే మాత్రం ముందు చెప్పండి. కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనబడటం, మెడ బిగుసుకుపోవడం, జ్వరంతో కూడిన భరించలేని తలనొప్పి, వీటిలో ఏది కనబడినా కషాయం పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికే.

కిటికీపక్కసీటు
రక్తం పలచబడే మందులేమీ లేవండీ. మరిగించిన నీళ్లు పొద్దున కాచి రాత్రికి వాడొచ్చా?

నేతిచెంబు
శుభ్రమైన సీసాలో మూతపెట్టి ఉంచితే 24 గంటల్లోపు వాడొచ్చు. మిగిలింది పారబోయండి.